సొంతం అని రాసిన చప్పుడు

1వ రోజు. 95 గింజలు.

రోజూ మింగే మందు మానేస్తానని ముందుగా అన్నది తాయారు. ఆ మాట నేను అనాల్సింది. ఆరేళ్ళుగా మనసులో నానబెట్టుకుని కూర్చున్నదాన్ని నేను. నిన్న పొద్దున డాబా మీద, రాత్రి మంచుని నీళ్ళుగా పట్టే మంచువలలు దులిపి, బిందెల్లోకి నీళ్ళు దించుతుంటే, "అక్కా, ఈ మందు మెల్లగా మానేద్దామనుకుంటన్నాను" అని పప్పులో ఉప్పు చాలలేదన్నంత తేలిగ్గా అనేసింది. "నేనూ అదే అనుకుంటున్నానే" అన్నాను. అది నిజమే. కానీ రెండోసారి అన్న మాటకి విలువేముంది?

తాయారు నా తోడికోడలు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే ఉద్యోగం. ఇప్పుడు మానడం కూడా ఒకేసారి.

సాల్మన్‌రాజు డాక్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. గుళిక విప్పితే లోపల వంద గింజలుంటాయి, ఆవగింజలో సగం ఉంటాయి ఒక్కోటి. పదిహేను రోజులకోసారి ఐదేసి తగ్గించాలి. దీన్ని దింపు అంటారట. పొయ్యి మీంచి గిన్నె దింపినట్టు అనుకోమన్నారు. నాకైతే పాడె దింపడమే గుర్తొచ్చింది.

ఈ నోటుబుక్కు కూడా ఆయనే ఇచ్చారు. తలనొప్పో, కోపమో, ఏడుపో, ఏది వస్తే అది రాసి, పక్కన అది మందు మానడం వల్ల వచ్చిందైతే 'మందు' అనీ, మనదే అయితే 'సొంతం' అనీ రాయాలట. "నేను చదవనండీ, మీరు చదువుకోడానికే" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా గోడపనిలో సొంతం అంటే కొట్టిపారేయాల్సిందని అర్థం.

9వ రోజు. 95 గింజలు.

ఏమీ లేదు. తాయారుకీ ఏమీ లేదట.

18వ రోజు. 90 గింజలు.

ఇవాళ గోడపనిలో గదులు మారేటప్పుడు తలలో జివ్వుమంది. కరెంటు తీగ తగిలినట్టు ఒక్క క్షణం. చెవుల్లో కూడా చిన్న మోత వినిపించింది. కళ్ళు పక్కకి తిప్పినప్పుడల్లా వస్తోంది. 'మందు'.

గోడపని ఏమిటో మరిచిపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటాను. ఈమధ్య మరుపు ఎక్కువైంది, అదీ మందు కిందే వేసుకోవచ్చు. మా ఏడో వాడకీ సముద్రానికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. గోడ కడుపులో పొడవునా పద్నాలుగు గదులు. పాటు సమయంలో, నీరు వెనక్కి తగ్గినప్పుడు, మేం ఇద్దరిద్దరం లోపలికి వెళ్ళి ఒక్కో గది గోడకీ ఇత్తడి గొట్టం ఆనించి వింటాం. పెట్టిన మీటర్లన్నీ ఉప్పుకి చచ్చాయి. మనిషి చెవి మాత్రం ఇంకా పనిచేస్తోంది. గోడ మామూలుగా ఉంటే గురక. లోపల ఇసుక కదిలితే గొణుగుడు. గోడ నీళ్ళు మింగుతుంటే గుటక. గుటక వినిపిస్తే మరమ్మతు వాళ్ళు పరుగెత్తుకుంటూ రావాలి.

ఒకరు విన్నది ఇంకొకరికి చెప్పకూడదు. ఎవరి పలక మీద వాళ్ళు రాసుకుని బోర్లించి పట్టుకోవాలి. మా పెద్ద వీరభద్రంగారు రెండు పలకలూ చూసి పెద్దపుస్తకంలోకి ఎక్కిస్తారు. మన గుండె చప్పుడో, కడుపులో గుడగుడో వినిపించి అనుమానం వస్తే 'సొంతం' అని రాస్తాం. సొంతం అని రాసింది ఆయన ఎక్కించరు, దానివైపు చూడను కూడా చూడరు. నిజాయితీ ఉన్న చెవి సొంతాన్ని ఒప్పుకుంటుందని మాకు నేర్పారు.

24వ రోజు. 90 గింజలు.

అన్నిటికంటే ముందు తిరిగొచ్చింది ఆకలి కాదు, నిద్ర కాదు. కుళ్ళు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మరిది గణపతి సావిడాయి చేప ముల్లు తీసి తాయారు కంచంలో పెట్టాడు. ఆరేళ్ళుగా రోజూ పెడుతూనే ఉన్నాడు. ఇవాళే నాకు కనపడింది.  మా ఆయన సూర్రావు బతికుండగా నాకెప్పుడూ ముల్లు తీసిపెట్టలేదు, అది వేరే సంగతి. తీసిపెట్టడానికి మనిషంటూ ఉండాలి కదా.

ఇది మందా, సొంతమా? తెలియడం లేదు. ప్రస్తుతానికి 'మందు' అని రాస్తున్నాను.

33వ రోజు. 85 గింజలు.

చెమటలు. పిచ్చి కలలు. ఒక కలలో తాయారు నా చీర కట్టుకుని నాకే దారి చెబుతోంది. లేచాక కూడా ఆ కోపం పోలేదు. పొద్దున అది "అక్కా, అట్టేసుకుంటావా?" అంటే "నా చీర తియ్యవే ముందు" అనబోయి నోరు నొక్కుకున్నాను. అది కట్టుకున్నది దాని చీరే.

నేను ఇట్లా ఉడికిపోతుంటే అది నాచు అట్లు పోసుకుంటూ కూనిరాగం తీస్తోంది. ఆరేళ్ళలో ఎప్పుడూ తీయని రాగం. దింపు మొదలైనప్పటినుంచీ పొద్దస్తమానం అదే రాగం. దానికి జివ్వులు లేవు. చెమటలు లేవు. మొహం తేటగా ఉంది. అదీ నేనూ తినే తిండి ఒకటే, మింగే గింజలు ఒకటే. దానికెందుకు లేవు?

47వ రోజు. 80 గింజలు.

ఒక సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తాను.

ఆరేళ్ళ కిందట మూడో గదిలో గుటక వినిపించింది. సూర్రావు మరమ్మతు ముఠాలో మొదటివాడు. లోపలికి వెళ్ళాడు, గండి పూడ్చాడు, ఇవతలికి రాలేదు. గోడ నిలిచింది. మూడో రోజునుంచి దుఃఖం తెలియకుండా వాడంతటికీ మందు ఇచ్చారు, నాకు అందరికంటే ముందు ఇచ్చారు. ఆ మందే లేకపోతే నేను కూడా ఉండేదాన్ని కాదు. దాన్ని నేను తిట్టను.

కానీ నేను ఏడవలేదు. రెండు రోజులు నోట మాట లేకుండా ఉన్నాను, మూడోరోజు మందు పడింది, ఇక ఏడుపు రాలేదు. తాయారు మాత్రం ఆ రెండు రోజులూ గుండెలు బాదుకుని ఏడ్చింది. బావగారూ బావగారూ అని. వచ్చినవాళ్ళంతా దాన్నే పట్టుకున్నారు, దానికే మంచినీళ్ళు తాగించారు, దాని తలే నిమిరారు. పోయింది నా మొగుడు. ఊరంతా ఓదార్చింది తాయారుని. నేను మంచానికి ఆ చివర కూర్చుని చూశాను.

నాకు మందు ఎందుకు మానాలనిపించిందంటే ఇందుకే. నా ఏడుపు ఒకటి లోపలెక్కడో ఉండిపోయింది. అది నాకు కావాలి.

62వ రోజు. 75 గింజలు.

జివ్వులు రోజుకి ఏడెనిమిది. లెక్క పది దాటితే గోడపని ఆపి ఇంట్లో కూర్చోవాలని డాక్టరుగారి షరతు. తగ్గాక మళ్ళీ వెళ్ళొచ్చు. ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. నేను ఇంట్లో కూర్చుంటే తాయారు ఒక్కతే గోడకి వెళుతుంది, కొత్త జత చూసుకుని. వీరభద్రంగారు దాని చెవిని మెచ్చుకుంటారు. ఆ దృశ్యం ఊహించుకుంటేనే ఒళ్ళు మండుతోంది.

78వ రోజు.

ఐదేసి చొప్పున నడిస్తే ఇది జీవితకాలం పడుతుంది. పైగా పక్కన అది పాటలు పాడుకుంటూ నాతో సమానంగా దిగుతుంటే చూడలేను. ఇవాళ స్టీలు కంచంలో గింజలు పోసి, చీపురుపుల్లతో జరుపుతూ జరుపుతూ, మిగలాల్సిన డెబ్బైలోంచి ఒకేసారి ఇంకో ముప్ఫై పక్కకి తోసేశాను. నలభైతో ఆగాను. తాయారు చూడలేదు. దాని కంటే ముందు దిగాలి. ఇది మందు కాదు, కచ్చితంగా నా బుద్ధే.

82వ రోజు. 40 గింజలు.

నేల కదులుతోంది. వాంతులు. మంచువల దులపబోయి డాబా మీద కూలబడ్డాను. గణపతి పరుగెత్తుకొచ్చి "ఏమైంది వదినా?" అంటే "ఎండ" అన్నాను. ఎండ ఇంకా రానేలేదు.

గిన్నె మోగితే ఏడుపు, తలుపు మోగితే కోపం. ఇవాళ ఏడుపు వచ్చింది, అవును. ఉల్లిపాయ కుళ్ళిపోయిందని ఏడ్చాను. సూర్రావు కోసం కాదు. దాని పక్కన 'మందు' అని రాస్తుంటే సిగ్గేసింది.

88వ రోజు. 40 గింజలు.

పదకొండో గదిలో గొట్టం ఆనించగానే జివ్వుమని సన్నని చప్పుడు, దాని వెనకే చిన్న గుటకలాంటిది.  మళ్ళీ వినిపించింది. కళ్ళు తిప్పానేమో అనుకున్నాను. తాయారు నా వెనక తన వంతు కోసం నిలబడి ఉంది, అదే కూనిరాగం. నా తర్వాత అది విన్నది. మొహంలో ఏ మార్పూ లేదు. తీరిగ్గా పలక మీద ఏదో రాసుకుని బోర్లించింది. గురక అని రాసి ఉంటుంది.

గుటక అని నేను రాస్తే మరమ్మతు ముఠా వస్తుంది, తవ్వుతారు. ఏమీ లేకపోతే? 'భూలక్ష్మి చెవి పోయింది, దింపు పడలేదు' అంటారు. నేను ఇంట్లో, అది గోడ దగ్గర.

'సొంతం' అని రాశాను.

93వ రోజు. 40 గింజలు.

పదకొండో గది. మళ్ళీ అదే. కళ్ళు మూసుకుని, గుడ్లు కదపకుండా బిగబట్టి విన్నాను. కళ్ళు కదలకపోతే నా జివ్వు రాదు, అది నాకిప్పుడు బాగా తెలుసు. అయినా వచ్చింది. అంటే ఏమిటో తెలుస్తూనే ఉంది. చేయి మాత్రం 'సొంతం' అనే రాసింది. వరసగా ఆరో రోజు.

నాలుగు రోజుల్లో పౌర్ణమి పోటు.

96వ రోజు. 40 గింజలు.

చేయకూడని పని చేశాను. ఎందుకు చేశానో దాచను. గోడ కోసం కాదు. తాయారు పలక ఎంత శుభ్రంగా ఉందో చూసి కడుపు మండించుకోవాలనిపించి చేశాను. పుండు గీరుకోవడంలో ఒక సుఖం ఉంటుంది.

పలకలు అమావాస్యకీ పౌర్ణమికీ గానీ తుడవరు. పదిహేను రోజుల రాత గళ్ళల్లో అలాగే ఉంటుంది. పని దిగాక వాటిని ఆఫీసు గదిలో మేకులకి బోర్లించి తగిలిస్తాం. తాయారు కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళింది, వీరభద్రంగారు టీకి వెళ్ళారు. దాని పలక తిప్పాను.

అంతా గురక, గురక, గురక. నాకు తెలిసిందే. పదకొండో గది వరసకి వచ్చేసరికి చూపు ఆగిపోయింది. సొంతం. సొంతం. సొంతం. తొమ్మిది రోజులు. తొమ్మిది గళ్ళు. నా పలక తీసి పక్కన పెట్టాను. తేదీలు కూడా అవే.

వెనక అలికిడైంది. తాయారు, తడికాళ్ళతో.

"అక్కా, నా పలక తిప్పేవా?"

"తిప్పానే. నీకు జివ్వులొస్తున్నాయా?"

అది గుమ్మంలోనే కూలబడింది. "మొదట్నించీ వత్తన్నాయక్కా. రోజుకి పదిహేను, ఇరవై. చెప్తే డాట్రుగారు ఇంట్లో కూకోమంటారు. నువ్వేమో డాబా మీద పడ్డా ఎండంటూ లేచావు, రాయిలా ఉన్నావు. గోడకీ వంటకీ ఏ తేడా లేకుండా తిరుగుతన్నావు. నిన్ను చూత్తే నాకు కుళ్ళు వచ్చేసేదక్కా. ఈవిడకేం లేదు, నాకే ఎందుకొచ్చింది ఈ ఖర్మ అని."

"మరి ఆ పాటలేంటే?"

"పాడతంటే తలలో మోత వినపడదు. అందుకని."

అరవై రోజులుగా ఏ పాట విని నేను ఉడికిపోయానో అది దాని మూలుగు. దానికి నా మీద కుళ్ళని వినగానే, ఛీ, రాయకూడదు గానీ, ఒక్క క్షణం ఎంత హాయి వేసిందో! ఆ హాయి తీరేలోగానే రెండు పలకల మీదా కన్ను పడింది. 

"తాయారూ. నీ తలలో మోత నీది. నా తలలో మోత నాది. రెండూ పదకొండో గదిలోనే ఎందుకొస్తాయే?"

అదే రోజు, పొద్దు వాలకముందు.

వీరభద్రంగారు నమ్మలేదు. ఆయన్ని తప్పుపట్టను.

"ఇద్దరూ దింపులో ఉన్నారు, ఇద్దరికీ తలలో హోరే. మీ పలకల మీద మీరే సొంతమని రాసుకున్నారు కదమ్మా! ఇప్పుడు కాదంటే ముఠాని ఎలా దింపమంటారు? రేపు పౌర్ణమి పోటు. లోపల మనిషుండగా గోడ కదిలితే ఎవరు బాధ్యులండీ?"

 ఆరేళ్ళ కిందటి మూడో గది ఆయనకీ గుర్తుంది.

తాయారే అంది. "మీరొచ్చి చూడండి బాబుగారూ. ఎనక్కి తిరిగి ఇంటాం."

పదకొండో గదికి ముగ్గురం వెళ్ళాం. నేను ఈ గోడకి, తాయారు నాలుగు బారల అవతల, ఒకరికొకరు వీపులు పెట్టి, కళ్ళు మూసుకుని గొట్టాలు ఆనించాం. చప్పుడు వినిపించినప్పుడు వేలెత్తాలి, మాట్లాడకూడదు. వీరభద్రంగారు మధ్యలో నిలబడ్డారు.

వేలెత్తాను. దించాను. ఎత్తాను. నా తలలో కూడా రెండుసార్లు జివ్వుమంది, కానీ అవి నావని తెలిసింది, ఎత్తలేదు. ఎంతసేపో తెలియదు. ఉప్పునీటి వాసన, ఇత్తడి చల్లదనం. చివరికి ఆయన గొంతు వినిపించింది.

"చాలమ్మా, చాలు. పదకొండుసార్లు. పదకొండుసార్లూ ఇద్దరి వేళ్ళూ ఒక్కసారే లేచాయి."

ఆయన ముఠాని పిలిచే గంట కొట్టడానికి పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

97వ రోజు. పౌర్ణమి.

పొద్దున పాటుకి ముఠా దిగింది. ఐదుగురిలో ముందున్నవాడు గణపతి. అన్న పోయాక ఆ చోటు తనకే కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు. రాళ్ళు రెండు వరసలు తీసేసరికి లోపల కాగు పట్టేంత గుల్ల బయటపడింది, దాని అడుగున నీళ్ళు. ఇంకో పోటు పడి ఉంటే ఏమయ్యేదో వీరభద్రంగారు చెప్పలేదు, మేమూ అడగలేదు.

గణపతి నడుందాకా ఆ గుల్లలోకి దిగాడు. బస్తాలు అందిస్తున్నారు. మేమిద్దరం పన్నెండో గది గుమ్మంలో నిలబడ్డాం. తాయారు కూనిరాగం తీయలేదు. నా చేయి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

అప్పుడు కూడా నాకు కుళ్ళే. రాయక తప్పదు. అది ఎదురుచూస్తోంది, ఎదురుచూడటానికి దానికి లోపల ఒక మనిషి ఉన్నాడు. వస్తాడో రాడో తెలియని ఆ వణుకు కూడా అదృష్టంలాగే కనపడింది నాకు. ఆరేళ్ళ కిందట నేను ఇక్కడ నిలబడలేదు. గోడకి వెళ్ళొద్దు, అడ్డమని ఆపేశారు. ఇంట్లో బియ్యం ఏరుతూ ఉన్నాను.

గంటన్నర పట్టింది. పోటు తిరిగేలోపు గణపతి పైకొచ్చాడు. తలనుంచి కాలి దాకా బురద, కళ్ళు మాత్రమే తెల్లగా. తాయారుకేసి చూసి నవ్వి, తర్వాత నాకేసి తిరిగి, "పూడింది వదినా. మూడో గదిలో అన్నయ్య కట్టినట్టే కట్టాను. ఆయన పెట్టిన రాయి ఆరేళ్ళైనా కదల్లేదు కదా!" అన్నాడు.

ఆ మాటతో తెగింది.

ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను. నోరు తెరుచుకుంది, శబ్దం వచ్చింది, అది నా గొంతేనని నమ్మలేకపోయాను. సూర్రావు లుంగీ పైకి మడిచే తీరు గుర్తొచ్చింది. వెళ్ళేముందు "చారు పెట్టి ఉంచవే" అన్న మాట గుర్తొచ్చింది. పెట్టాను. ఆ చారు ఏమైందో గుర్తులేదు.

ముఠావాళ్ళు చుట్టూ చేరారు. ఎవరో మంచినీళ్ళు తాగించారు. ఎవరో తల నిమిరారు. పక్కన తాయారు ముక్కు ఎగబీల్చింది, పెదవి వణికింది, "బావగారూ..." అని మొదలెట్టబోయింది.

"నువ్వు ఆగవే," అన్నాను వెక్కుతూనే. "ఇది నా వంతు."

ఆగింది. నా పక్కనే కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నేను చాలించేదాకా ఆగింది.

99వ రోజు. 70 గింజలు.

ఇద్దరం కలిసి వెళ్ళి డాక్టరుగారికి అంతా చెప్పాం. ముప్ఫై గింజల సంగతి చెబుతుంటే ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చాలా ప్రమాదమండీ భూలక్ష్మిగారూ. మళ్ళీ డెబ్బైకి ఎక్కండి. నెల్లాళ్ళు అక్కడే ఉండండి. తర్వాత ఐదు కాదు, మూడేసి. ఎక్కడం ఓటమి కాదండీ."

నాది డెబ్బై. తాయారుదీ డెబ్బై, దాన్ని కూడా అరవై ఐదు నుంచి ఒక మెట్టు పైకి ఎక్కించారు. అది నిజంగానే డెబ్బై దగ్గర ఉందా అని ఇంటికొచ్చాక దాని కంచంలో గింజలు లెక్కపెట్టాను. డెబ్బైయే. అది నా కంచంలోవి లెక్కపెట్టింది. ఇకనుంచి ఇలాగే చేద్దామనుకున్నాం. జివ్వులు తగ్గేదాకా గోడకి వేరే జత వెళుతుంది. వాళ్ళ చెవులు ఏపాటివో చూడాలి.

వీరభద్రంగారు పెద్దపుస్తకంలో కొత్త గడి గీశారట. ఇకమీదట సొంతాలు కూడా ఎక్కిస్తారు. ఒకే గదిలో ఇద్దరికి వస్తే గంట కొడతారు.

మొన్నటి ఏడుపు పక్కన గడి ఖాళీగా ఉండిపోయింది ఈ నోటుబుక్కులో. రెండు రోజులుగా దాని ముందు పెన్సిలు పట్టుకుని కూర్చుంటున్నాను. నలభై గింజల మీద ఉన్న మనిషికి ఉల్లిపాయ చూసినా ఏడుపొస్తుంది. అది మందు వల్లేనని ఎవరైనా అంటారు. డాక్టరుగారిని అడిగితే ఆయన కూడా, "మీకే తెలియాలండీ," అన్నారు.

ఇప్పుడు రాస్తున్నాను.

97వ రోజు. ఏడుపు. సుమారు ఇరవై నిమిషాలు. సొంతం.